మూడో స్క్రూ

తొమ్మిదో దెబ్బ పేలింది.

కొండవాలు మీద పరుగెత్తుతూనే ఒరెస్తే లెక్కపెడుతున్నాడు. షూటింగ్ మైదానానికి వెళ్ళే దారంతా ఆదివారం కార్లు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. తన కారు వదిలేసి కాళ్ళకు పని చెప్పక తప్పలేదు. ఇయర్‌పీస్‌లో కల్నల్ దాల్మాస్సో గొంతు బుసకొడుతోంది.

"షాపు పెట్టెలో మిగిలిన రెండో రబ్బరు గ్రిప్‌ను ల్యాబ్ వాళ్ళు కోసి చూశారు. రబ్బరు కింద పేలుడు మందు. జడ్జి తుపాకీకి బిగించిందీ అలాంటిదే. తుపాకీ వెనక్కి తన్నిన ప్రతిసారీ లెక్క వేసుకుంటుంది. ఇరవై ఐదో తన్నుకు పేలుతుంది. వింటున్నావా?"

"వింటున్నా సార్. మైదానంలో గార్డులకు చెప్పారా?"

"ఒక్కడి రేడియో కూడా పలకడం లేదు. జామర్ పెట్టారు. ఇంకోటి, గ్రిప్ బిగించినవాణ్ణి పట్టుకున్నాం. బత్తిస్తా అనే ముసలాడు. పొద్దున గేటు దగ్గర తీసిన తుపాకీ ఫొటోలో స్క్రూ తలల మీది గాట్లన్నీ గొట్టం వెంట ఒకే వరసలో ఉన్నాయి. ఈ లోయలో ఇంకా అలా బిగించే షాపు అతనిదొక్కటేనట. నోరు విప్పడం లేదు. వ్యాన్‌లో అక్కడికే తెస్తున్నా."

"సార్, అది..."

గరగరమంది. ఇయర్‌పీస్ మూగబోయింది. జామర్ పరిధిలోకి వచ్చేశాడు. ఆ వాక్యం పూర్తి చేసి ఉండేవాడా కాదా అన్నది ఒరెస్తేకే తెలియదు.

పదకొండు. పన్నెండు.

ఆ గాట్లను వరసలో నిలిపింది అతనే. నిన్న మధ్యాహ్నం, తన చేత్తో.

మూడు నెలలుగా ఏజెంట్ ఒరెస్తే బెల్లేరి నీలం ఏప్రన్ కట్టుకుని బత్తిస్తా తుపాకుల షాపులో పనివాడి వేషంలో ఉన్నాడు. వేషం అనడానికీ లేదు. పదహారేళ్ళప్పుడు పని నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే. ఆయుధాలు దొంగచాటుగా దాటించే విదేశీ ముఠా ఈ లోయలో తిరుగుతోంది. దాని మీద విచారణ నడుపుతున్నది జడ్జి నివెస్ కోర్తి. ఆవిడకు మణికట్టు విరిగి అతికింది. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ పట్టు జారుతోందని, గొట్టం కింద ఎడమ చెయ్యి పట్టే ముందు చెక్కకు రబ్బరు గ్రిప్ వేయమని అడిగింది.

"వాల్‌నట్ చెక్కకు రబ్బరు తొడుగా?" బత్తిస్తా మేస్త్రీ ముక్కు చిట్లించాడు. "పెళ్ళికూతురికి గోనెపట్టా చుట్టినట్టుంటుంది. నేను ముట్టనురా. నువ్వే చేసి చావు."

గ్రిప్‌లు తెచ్చింది ఇలింకా. పైకి సేల్స్ ఏజెంటు. లోపల ముఠా మనిషి. ఆ లోపల, ముఠా కబుర్లు ఒరెస్తేకు చేరవేసే డబుల్ ఏజెంటు. బయటి నుంచి వచ్చే ప్రతి వస్తువూ ఎక్స్‌రే కిందికి వెళ్ళాలని రూలు.

"నేను చూశాలే," అంది ఆమె బల్ల మీదికి వంగి నవ్వుతూ. "నా మీద నమ్మకం లేదా?"

ఎక్స్‌రే మిషన్ పక్క గదిలో ఉంది. ఇరవై అడుగులు. అతను నడవలేదు. గ్రిప్ చేతిలో కాస్త బరువుగా తోచింది కూడా. తోచినా ఆమె నవ్వు చూస్తూ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. తెల్లారేసరికి ఇలింకా గది ఖాళీ. అతను మిగిలిన గ్రిప్‌ను ల్యాబ్‌కు పరుగున పంపింది అప్పుడే.

పదిహేడు.

గేటు దగ్గర గార్డు అడ్డొచ్చాడు. ఒరెస్తే కోడ్ వర్డ్ అరిచాడు.

"చల్లారిన కాఫీ!"

"క్యాంటీన్ అటు," గార్డు వేలు చూపించాడు.

ఒరెస్తే అతన్ని తోసేసి లోపలికి దూకాడు. ఇరవై.

మైదానంలో ఒక్కతే నిలబడి ఉంది జడ్జి. పోటీల ప్రారంభ రౌండ్ గౌరవం ఆవిడది. చెవులకు శబ్దం ఆపే మఫ్స్. ఎంత అరిచినా వినపడదు. మీద పడి లాగితే వేలు ట్రిగ్గర్ నొక్కవచ్చు.

"పుల్!"

ఆవిడ కేకకు యంత్రం నుంచి మట్టిబిళ్ళ ఎగిరింది. గురి తప్పింది. వెంటనే రెండో దెబ్బ. ఇరవై రెండు. తప్పిన ప్రతి బిళ్ళకూ రెండు దెబ్బలు!

ఎడమ పక్కన రిఫరీ బల్ల. దాని కింద నుంచి బిళ్ళలు విసిరే యంత్రానికి పోయే పసుపు కేబుల్. బిళ్ళ లేకపోతే షూటర్ పేల్చదు.

ఇరవై మూడు. ఒరెస్తే బల్ల కిందికి జారాడు. ఇరవై నాలుగు. కేబుల్‌ను రెండు చేతులా పట్టి పీకాడు.

"పుల్!"

ఆకాశం ఖాళీగా ఉంది.

"పుల్!"

ఏమీ ఎగరలేదు. జడ్జి వేలు ట్రిగ్గర్ మీది నుంచి పక్కకు జరిగింది. మఫ్స్ లాగేసి వెనక్కి తిరిగింది.

"ఎవడా గాడిద?"

"నేనే మేడమ్." అతనికి ఊపిరి అందడం లేదు. "తుపాకీని మెల్లగా గడ్డి మీద పెట్టండి. కుదపకండి. ఇటు నడిచి రండి. గ్రిప్‌లో బాంబుంది."

ఆవిడ పెట్టింది. వచ్చింది.

"విడ్డూరం. నా మణికట్టు ఇంత హాయిగా ఎన్నడూ లేదు. ఎవరు బిగించారది?"

ఒరెస్తే చూపు ఆవిడను దాటి పోయింది. కార్ల వైపు పోతున్న ఇలింకా వెడల్పు టోపీని అప్పుడే చూశాడు.

కారు తలుపు దగ్గర ఇలింకా చెయ్యి పట్టుకున్నాడు. హ్యాండ్‌బ్యాగ్‌లో పౌడర్ డబ్బా అంత జామర్. నొక్కి ఆపేశాడు.

"నన్ను పట్టిస్తే నేనూ మాట్లాడతాను ఒరెస్తే," అంది ఆమె తాపీగా. "ఎక్స్‌రే తీయకుండా బిగించిందెవరో చెబుతాను. వదిలేశావనుకో, నీ పేరు శుభ్రంగా ఉంటుంది. నేరం ముసలాయన మీదికి పోతుంది, రెండు నెలల్లో వదిలేస్తారు."

"ఆయనకు డెబ్బై ఆరేళ్ళు."

"అయితే మూడు నెలలు."

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అతని పట్టు సడలింది. ఆ క్షణానికి తనను తాను తిట్టుకుంటూ సంకెళ్ళు వేశాడు.

వ్యాన్ వచ్చి ఆగింది. గార్డులు ఇలింకాను తీసుకుపోయారు. వ్యాన్ వెనక సీటులో బత్తిస్తా మేస్త్రీ, చేతులకు బేడీలు, మోచేతుల దాకా చెక్కపొడి. కల్నల్ ఫొటో అందించాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాను పెద్దాయనా. ఇది నీ పనేనా?"

ముసలాయన ఫొటోను చేతికందినంత దూరం జరిపి చూశాడు.

"నాదా? మూడో స్క్రూ చూడండి. వెంట్రుకవాసి పక్కకుంది. నేనైతే విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి. ఎవడోగాని, బిగించేటప్పుడు వాడి మనసు చెక్క మీద లేదు."

"మరెవరి పని?"

బత్తిస్తా ఫొటో దించాడు. కల్నల్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. ఒరెస్తే వైపు మాత్రం చూడలేదు.

"తెలియదు. అదే రాసుకోండి. ఈ సీటు మెత్తగానే ఉంది, సాయంత్రం దాకా కూచుంటా."

ఒరెస్తే ఇంకా ఒంటి మీదే ఉన్న నీలం ఏప్రన్ ముడి విప్పాడు. మడిచి ముసలాయన ఒళ్ళో పెట్టాడు.

"ఆయన బేడీలు తీయండి సార్. నాకు వేయండి."

"ఏంటి నువ్వనేది?" కల్నల్ పెన్ను గాల్లో ఆగింది. "గ్రిప్ బిగించింది ఎవడు? పేరు చెప్పు."

"ఒరెస్తే బెల్లేరి. మీరు పంపినవాడే సార్."