చలి ఊరికి ప్రస్థానం

...అయినా తెరుచుకునే కిటికీ కావాలని అడగడంలో పిచ్చి ఏముంది? గదిలో హీటరుంటుంది, దుప్పటి ఉంటుంది, స్నానానికి వేణ్ణీళ్ళుంటాయి. అవన్నీ హైదరాబాదులోనూ ఉన్నాయి. ఇక్కడ దొరకనిది ఒక్కటే, కిటికీ తీయగానే మొహానికి కొట్టే చలి. దానికోసమేగా అంత దూరం పోవడం! ఇలా అనుకుంటూనే ఉమాశ్రీ తెలియకుండా చెవి గోక్కుంది. ఐదేళ్ళప్పుడు అమ్మ బిగించిన మంకీ క్యాప్ ఉన్ని ఇంకా అక్కడే గరుకుగా ఆనుతున్నట్టుంటుంది.

"మేడమ్, విన్నరా? మళ్ళ చెప్పాలె?"

"వినలేదండి. కిటికీ దగ్గర ఆగిపోయాను."

ఎదురుగా మహేశ్ నిట్టూర్చాడు. మాదాపూర్‌లో ఆ ఆఫీసు ఆరో అంతస్తులో, మూల మీద ట్రావెల్ డెస్క్ అతనిది. కంపెనీ పని మీద విదేశాలకు పోయేవాళ్ళకు విమానాలూ హోటళ్ళూ చూడటం ఉద్యోగం. సొంత ప్రయాణాలు చూడటం అందులో లేదు. అయినా నెల రోజులుగా లంచ్ టైమంతా ఉమాశ్రీ ఎక్కబోయే నార్వే ఓడ ఏర్పాట్లకే పోతోంది.

వాళ్ళ పరిచయం కొట్లాటతో మొదలైంది. ఏసీ మీట అతని డెస్క్ పక్క గోడ మీద ఉంటుంది. అతను ఇరవై ఆరులో పెడతాడు. టెస్టింగ్ టీమ్ నుంచి ఒకమ్మాయి వచ్చి, ఒక్క మాటా అనకుండా పద్దెనిమిదికి దించి వెళ్ళిపోతుంది. నాలుగో రోజు అతనడిగాడు. "ఏంది మేడమ్, అందరూ శాలువలు కప్పుకుంటున్నరు, మీకు ఒక్కరికే ఉడుకవోస్తుందా?" ఆమె, "లేదండి, నాకూ చలేస్తోంది. అందుకే," అంది. ఆ జవాబు అర్థం కాక అతను ఆ రోజంతా ఆమె సీటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు ఆమెకు తెలిసింది. తెలియనట్టు ఇంకో రెండు డిగ్రీలు దించింది.

ఉమాశ్రీకి చిన్నప్పుడు ఆయాసం. ఐస్‌క్రీమ్ వద్దు, వాన వద్దు, డిసెంబరులో డాబా వద్దు. డాక్టరు పదేళ్ళ కిందటే, "మందు దగ్గర పెట్టుకో, ఎక్కడికైనా వెళ్ళు," అన్నాడు. అమ్మ మాత్రం ఆ మాట వినలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చినా ఉమాశ్రీకి చలి అంటే ఏమిటో చలి ద్వారా తెలియదు, అమ్మ భయం ద్వారానే తెలుసు. అందుకే ఏడాదిగా ఏసీ కింద కూర్చుని తనను తాను టెస్టు చేసుకుంటోంది.

"సరే, వినండి," మహేశ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "విమానం లేటయితే ఇంకోటి ఎక్కొచ్చు. ఓడ మాత్రం ఎవ్వరికోసం ఆగదు. మంచు కురిసిందంటే అన్నీ లేటే. అందుకే రెండు రోజులు ముందుగాల్నే ఓడెక్కే ఊర్ల దిగాలె. ఇగ హోటల్. ఇది కొండ మీద, పెద్దది, అద్దాలన్నీ సీలు చేసి ఉంటయి. దవాఖాన పక్కనే. ఇది రేవు ఒడ్డున, పాత చెక్క ఇల్లు. లిఫ్ట్ లేదు. కిటికీలు తెరుచుకుంటయి. ఓడ దగ్గరికి నడిచిపోవచ్చు."

"రెండోది."

"జర సోచాయించుండ్రి."

"ఏడాది సోచాయించానండి."

ఆమె నోట్లో ఆ మాట విని అతను ఫక్కున నవ్వాడు. "అయిదేండ్ల సంది మందిని పంపుతున్న. కెనడా, ఫిన్లాండ్, ఎక్కడెక్కడికో. నేను మాత్రం చందానగర్ మార్కెట్ ఎనక గల్లీల నీలం గేటు కాడికెళ్ళి ఈ కుర్చీ దాంక. వచ్చినోళ్ళు చాక్లెట్లు ఇస్తరు. చలి ఎట్లుందో ఒక్కరన్న చెప్పలే."

"నేను చెప్తాను."

అతను నవ్వడం ఆపి చూశాడు. ఆ చూపులో ఏదో మెత్తగా తగిలింది. ఉమాశ్రీ ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

రెండు రోజుల తర్వాత కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చింది. కొండ మీది హోటలు. సీలు చేసిన అద్దాలు. దవాఖాన పక్కన.

ఆమె లాప్‌టాప్ తెరిచి ఉన్నదున్నట్టే పట్టుకుని అతని డెస్క్ దగ్గరికి నడిచింది. పక్క సీటు నవ్య తలెత్తి చూసి, వెంటనే దించేసుకుంది.

"ఇదేంటండి?"

మహేశ్ మొహం చూస్తే పొరపాటున జరిగింది కాదని తెలిసిపోయింది. "పోయిన వారం మెట్ల మీద మీకు దగ్గొచ్చింది. ఆ మందు పీలుస్తుంటే చూసిన. నా చేతులాడలేదు. ఆడ ఒక్కరే ఉంటరు గదా, దగ్గర్ల డాక్టరుంటే..."

"దగ్గాను. మందు పీల్చాను. మెట్లెక్కాను. మీరు చివరిది చూడలేదు."

"మీ మంచికే చేసిన."

"మా అమ్మ కూడా ఇదే అంటుంది. ఇదే గొంతుతో." ఆమె తెరను అతని వైపు తిప్పింది. "నేను ఏ మంకీ క్యాప్ విప్పేసి పోదామనుకుంటున్నానో మీరు అదే తెచ్చి తొడుగుతున్నారు. రంగు మారింది, అంతే. నన్నడగాల్సింది. వద్దంటే ఊరుకోవాల్సింది."

"ఉమ గారూ..."

"నా ఊపిరి నాదండి."

అక్కడే, అతని డెస్క్ మీదే లాప్‌టాప్ పెట్టి, అతను చూస్తుండగా ఆ గది క్యాన్సిల్ చేసింది. రేవు ఒడ్డున చెక్క ఇంట్లో మూడో అంతస్తు గది తీసుకుంది. వెళ్తూ వెళ్తూ ఏసీ పదహారుకు దించింది.

తర్వాత పది రోజులు లంచ్ టైములో నవ్యతో కూర్చుంది. నవ్య చెప్పే సీరియల్ కథ వింటూ తలూపింది. లోపల వాదన మాత్రం మహేశ్‌తోనే. వింతేమిటంటే ఆ వాదనలో అతనికి మాటలు ఇస్తున్నది కూడా తనే. అమ్మ భయపడితే ఉక్కపోత. అతను భయపడితే కోపం. కానీ ఆ కోపం అడుగున, నా కోసం ఒకడి చేతులు ఆడలేదన్న మాట ఎందుకు మళ్ళీ మళ్ళీ తడుముకుంటున్నాను? ప్రేమంటే కాపలాయేనా? కాపలా లేకుండా మిగిలేది ఏమన్నా ఉందా?

పదకొండో రోజు అతని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "తప్పు నాదే. భయం నాది, బుకింగ్ మీది. రెండూ కలిపేసిన. ఇగ ఏదీ మార్చ. కిటికీ తీసినంక ఎట్లుందో చెప్తానన్నరు. ఆ మాట ఉన్నట్టేనా?"

ఉమాశ్రీ జవాబు టైపు చేసి చెరిపేసింది. మళ్ళీ టైపు చేసింది. అదీ చెరిపేసింది.

ఇంట్లో అసలు గొడవ ఆదివారం పొద్దున మొదలైంది. వాళ్ళది కేపీహెచ్‌బీ. తల్లి రాజరాజేశ్వరి క్యాలెండరు ముందు నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మంగళవారమా! మంగళవారం ఎవరైనా గడప దాటతారుటే? అదీ ఆ మంచులోకి, అదీ ఒక్కదానివి!"

"ఓడకి మంగళవారం తెలీదమ్మా."

"నోరు మూయి. ఏవండీ, మీరైనా చెప్పండి!"

తండ్రి రామ్మోహనరావు పేపరు మడిచాడు. రిటైరైనా ఆయన ఫైలు చూసినట్టే మాట్లాడతాడు. "అది వెళ్తుంది. అది తేలిపోయింది. ప్రస్థానం పెట్టించు, నీకూ తృప్తిగా ఉంటుంది."

బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే మంచి ఘడియలో సామాను వేరే వాళ్ళింట్లో పెట్టి రావడం వాళ్ళింటి ఆనవాయితీ. అక్కడితో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. ఆ సామాను మళ్ళీ ఇంటికి రాకూడదు. ఎక్కడ పెట్టారో అక్కడి నుంచే మనిషి బయల్దేరాలి.

రాజరాజేశ్వరి పంచాంగం తిరగేసింది. "ఇవాళ పదకొండున్నర లోపు బాగుంది. బాచుపల్లిలో పిన్ని ఇంట్లో పెట్టి రా. పిన్నికి ఫోన్ చేశాను. నీతో కాస్త మాట్లాడాలంటోంది కూడా."

ఉమాశ్రీకి పిన్ని మాటలన్నీ వినకముందే వినిపించాయి. ఈ చలిలో ఏం సుఖమే, వచ్చే ఏడు అందరం కేరళ పోదాం, అంతగా అయితే. ఎవరూ వెళ్ళొద్దనరు. అందరూ జాలిపడతారు, అంతే. అయినా వాదించలేదు. అమ్మ కుంకుమ పెట్టి, పసుపు గుడ్డలో నాలుగు బియ్యపు గింజలు మూటకట్టి పెద్ద బ్యాగు పిడికి వేలాడదీసింది. పక్క జేబులో ఏదో కుక్కడం కూడా ఉమాశ్రీ చూసింది. నీలం ఉన్ని. చూడనట్టే ఊరుకుంది.

క్యాబు మియాపూర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగింది. కుడివైపు తిరిగితే బాచుపల్లి. నేరుగా పోతే చందానగర్. సమయం పదకొండూ పది.

మంగళవారం మీద ఆమెకు నమ్మకం లేదు. కానీ సామాను ఎక్కడ పెడితే అక్కడి నుంచే ప్రయాణం, అన్న మాట మాత్రం మనసులో ఎక్కడో కొలతకు కుట్టినట్టు సరిపోయింది. ఎక్కడి నుంచి బయల్దేరాలో నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"నేరుగా పోనివ్వండి."

"యాప్‌ల బాచుపల్లి ఉంది గదా మేడమ్?"

"మారుస్తున్నానండి."

మార్కెట్ వెనక గల్లీ. కూరగాయల బండ్ల మధ్య బ్యాగు చక్రాలు గడగడలాడాయి. నీలం గేటు తీసే ఉంది. వాకిట్లో మెంతికూర ఒలుస్తున్న ఒకావిడ తలెత్తింది.

"ఎవలు బిడ్డా?"

"మహేశ్ గారి ఆఫీసులో పనిచేస్తానండి. ఉమాశ్రీ."

"చలి ఊరికి పోయే పిల్లవా!" ఆవిడ మొహం వెడల్పయింది. "నేను వాని అమ్మను, చంద్రమ్మను. ఒక్కదానివే పోతున్నవంట?"

"ఒక్కదాన్నే," అంది ఉమాశ్రీ, అలవాటుగా గడ్డం పైకెత్తి, తర్వాతి మాటకు సిద్ధపడుతూ.

"మంచిగుంటది. అంతా సూసి రా."

ఉమాశ్రీ ఎత్తిన గడ్డం అలాగే ఉండిపోయింది. ఎదిరించడానికి అవతల ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పటిదాకా తెలియదు. కళ్ళు చెమర్చాయి.

మహేశ్ భుజం మీద తువ్వాలుతో బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది? ఫ్లైటు ఎల్లుండి గదా! పరేషాన్ ఏమన్న ఉందా?"

"లేదండి. మంగళవారం బయల్దేరకూడదని మా అమ్మ. అందుకని ఇవాళే బ్యాగు ఇంకొకరి ఇంట్లో పెట్టాలి."

"మా అత్త గూడ గిట్లనే పెట్టేది," చంద్రమ్మ అంది మెంతికూర వైపు చూస్తూ. "పెట్టినంక ఎనకకు తీస్కపోవద్దు."

"తీసుకుపోను," ఉమాశ్రీ మహేశ్ వైపే చూస్తూ అంది. "మంగళవారం ఇక్కడి నుంచే బయల్దేరతాను. మీరు ఎయిర్‌పోర్టు దాకా రావచ్చు. జాగ్రత్తలు చెప్పకూడదు."

"ఒక్కటి గూడ చెప్ప."

"కిటికీ తీయగానే ముందు మీకే ఫోన్ చేస్తాను. ఆ మాట ఉన్నట్టే. తిరిగొచ్చాక మిగతాది ఇక్కడికే వచ్చి చెప్తాను. తర్వాత కూడా... వస్తూ ఉంటాను. మీకు అభ్యంతరం లేకపోతే."

మహేశ్ తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులు పొడిగానే ఉన్నాయి. "నేనేం అంట," అన్నాడు. "నెల సంది లంచ్ బాక్స్ ఖాళీ చేస్తలేనని మా అమ్మ తిడుతనే ఉన్నది."

చంద్రమ్మ మెంతికూరలో నవ్వు దాచుకుంది.

సమయం పదకొండూ ఇరవై. బ్యాగు బరువుగా ఉంది. మూడు మెట్లు, పైన పసుపు రాసిన గడప. మహేశ్ చెయ్యి చటుక్కున పిడి మీదికి వచ్చింది. వేళ్ళు దాదాపు ఆనాయి. అంతలోనే ఏదో గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని, దారి వదిలి పక్కకు నిలబడ్డాడు.

ఉమాశ్రీ అతని చెయ్యి వంక ఒకసారి చూసింది. తర్వాత వంగి, రెండు చేతులా బ్యాగెత్తి, మూడు మెట్లూ తనే ఎక్కి, గడప లోపల పెట్టింది.