పాకంలో పడిన బిళ్ల

"బిళ్ల పోవాలి. రహస్యం మాత్రం పోకూడదు," అన్నాడు ఓంప్రకాశ్.

కాజీపేటలోని రహస్య కార్యాలయంలో ఆయన ఎదుట కూర్చున్నది ఏజెంట్ దిల్షాద్ బేగం. వరంగల్ ప్రయోగశాలలో రూపాయి బిళ్లంత లోహపు నమూనాను దీప దొంగిలించింది. రెండు పక్షాలకూ పనిచేసే అందగత్తె ఆమె; తాను దొంగిలించేది ఏమిటో తెలుసుకోవడం తన హోదాకు తక్కువనుకునే మనిషి. మేడారం జాతరలో దాన్ని ఒక విదేశీ దౌత్యవేత్తకు అందించబోతోంది. అతడి సంచిని తనిఖీ చేసే అధికారం మనకు లేదు. దీపను ముందే పట్టుకుంటే ముఠా అంతా మాయమవుతుంది.

ఆ బిళ్లలోని లోహాలేవో అందరికీ తెలుసు. తెలియనిది పరమాణువుల అమరిక. మామూలు లోహంలో అవి బారులు తీరి స్ఫటికాలవుతాయి. ఈ మిశ్రమాన్ని మాత్రం బారులు తీరే వ్యవధి ఇవ్వకుండా చల్లార్చారు. గాజులో లాగా పరమాణువులు ఎక్కడివక్కడ చిందరవందరగా నిలిచిపోయాయి. బలమంతా ఆ చిందరవందరలోనే ఉంది. నూరు డిగ్రీలు దాటి కాసేపు కాగితే అవి కదిలి వరుస కడతాయి. బిళ్ల పెళుసుబారి ఎందుకూ పనికిరాదు.

ఫోన్ ట్యాపింగ్‌లో దీప పథకం బయటపడింది. అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని జాతరలో బంగారమనే అంటారు; దాన్ని ఏ చెక్‌పోస్టులోనూ పగలగొట్టరు. బిళ్లను బెల్లం ముద్దలో దాచాలన్నది ఆమె ఉపాయం. కాబట్టి మర్నాడు హన్మకొండలో దీప ఎంచుకున్న బెల్లం దుకాణంలో ముతక చీర కట్టిన దిల్షాద్ "సమ్మమ్మ"గా కడాయి ముందు కూర్చుంది.

అది మొక్కు బిళ్ల అని దుకాణానికొచ్చిన దీప నమ్మబలికింది. ముద్దను కోసి లోపల పెట్టమంది. కోస్తే గాటు కనబడుతుందని సమ్మమ్మ నిదానంగా వివరించింది.

"మరిగే పాకంల ఎయ్యి బిడ్డా. అతుకే కానరాదు."

దీప చేయి కడాయిమీద ఆగింది. "వేడికి ఏమన్న అయితదా?"

"గీ గంటె పదేండ్ల సంది గిండ్లనే తిరుగుతాంది. కరిగిందా?"

ఫోన్ మోగింది. వేడి తగలనీయవద్దని చెప్పడానికి దౌత్యవేత్త చేసిన కాల్ అది.

"ఈయనకు ఊకె డౌట్లే," అని విసుక్కుని దీప ఫోన్ కట్ చేసింది, బిళ్లను వదిలింది. పాకం నూరు డిగ్రీలు దాటి ముదిరేదాకా సమ్మమ్మ మంట తగ్గించలేదు.

జాతరలో ముద్ద చేతులు మారింది. కెమెరాలకు చిక్కిన ముఠా, దీపతో సహా, తిరుగు దారిలో అరెస్టయింది. వారం తర్వాత విదేశీ ప్రయోగశాల ఎక్స్‌రే ఫలితం మనవాళ్ల చేతికొచ్చింది: గ్రాఫులో గాజు లోహానికి రావలసిన మెత్తని గుట్టకు బదులు స్ఫటికాల సూదిమొనలు.

నివేదికలోని నష్టం గడిలో ఏమి రాయాలని ఓంప్రకాశ్ అడిగాడు.

"ఒక్క పరమాణువూ పోలేదు సార్," అంది దిల్షాద్. "కాస్త క్రమశిక్షణ నేర్పి పంపాం."