మూల గదిలో దగ్గు

ఆ ఆఫీసు రెండో అంతస్తులో చివరన ఒక గది ఉంది. సాయంత్రం ఆరు దాటితే అందులోకి ఎవరూ అడుగుపెట్టరు. ఒకప్పుడు అక్కడ టేపులు భద్రపరిచే పెద్దాయన ఒకరు కూర్చునేవాడట. ఎవరైనా అడక్కుండా దేనిమీదైనా చెయ్యి వేస్తే ఆయన తిట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. ఒక్కసారి దగ్గేవాడు. అంతే... చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసేది.

ఆయన పోయి పన్నెండేళ్ళయింది. దగ్గు మాత్రం పోలేదని చెప్పుకుంటారు.

ఇది అక్కడ పనిచేసిన ఒకామె చెప్పగా విన్నాను. గోరంతని కొండంత చేసే మనిషి కాదామె.

రికార్డింగులు విని టైపు చెయ్యడం ఆ ఆఫీసులో పని. విన్నది విన్నట్టు కొట్టాలి. ఎవరైనా నవ్వితే ‘నవ్వు’ అని, మాట తెలియకపోతే ‘అస్పష్టం’ అని. ఆ టైపిస్టుల్లో ఒక చిన్నమ్మాయి ఉండేది. ఆ రోజు పొద్దున, అక్క స్నానానికి వెళ్ళిన సమయం చూసి, అక్క కొత్త హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని వచ్చేసింది. మర్నాడు తొమ్మిదింటికి కంప్యూటర్లోనే అక్కకి ఉద్యోగం ఇంటర్వ్యూ. ఆరు నెలల తర్వాత వచ్చిన మొదటి పిలుపు అది. సాయంత్రానికల్లా పెట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది చిన్నమ్మాయి. ఒకరి వస్తువు అడక్కుండా తీసుకునేవాళ్ళందరూ సరిగ్గా అలాగే అనుకుంటారు.

మధ్యాహ్నం ఏదో సభ రికార్డింగు తెరిచింది. సౌండు నిండా పెట్టి ఉంది, చూసుకోలేదు. సభలో మైకు కీచుమంది... కుర్చీలోంచి ఎగిరిపడింది. హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడి ఇంకో అర నిమిషం అరుస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఎడమ చెవిలో ఏదో సన్నగా గరగర. నిజంగా ఉందా, తన భయమా? తేల్చుకోవాలంటే చీమ నడిచినా వినబడేంత నిశ్శబ్దం కావాలి. అలాంటి చోటు ఆ ఆఫీసులో ఒక్కటే ఉంది.

ఏడింటికి, అందరూ వెళ్ళాక, మూల గది తలుపు తోసింది. లైటు వేసింది. అక్కడున్న కంప్యూటర్లో ఎప్పటిలాగే టైపు పేజీ తెరిచి, హెడ్‌ఫోన్స్ దానికి తగిలించి, చెవులకి పెట్టుకుని, తీగ మీద కనబడిన మీటలన్నీ పైకి తోసింది. రికార్డింగు ఏదీ పెట్టలేదు. కాబట్టి ఏమీ వినబడకూడదు.

వినబడింది.

ఊపిరి... బరువుగా... రెండు చెవుల్లోనూ.

ఆమెకి ముందు దెయ్యం గుర్తు రాలేదు, అక్క గుర్తొచ్చింది. అయిపోయింది, పాడైపోయాయి అనుకుంది. ఆ తర్వాత దెయ్యం గుర్తొచ్చి, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఇది దెయ్యమే అయితే హెడ్‌ఫోన్స్ బాగున్నట్టే కదా — తప్పు చేసినవాళ్ళ బుద్ధి అలాగే ఉంటుంది. నేరం తోసెయ్యడానికి దెయ్యం నెత్తి అయినా సరే.

“మీరు దెయ్యమేనాండీ?” గుసగుసగా అడిగింది.

“మీరు దెయ్యమేనాండీ?” అంది చెవిలో గొంతు.

“ముందు నేనడిగాను.”

“ముందు నేనడిగాను.”

ఇంత మొండి దెయ్యం గురించి ఆమె ఎన్నడూ వినలేదు. అయినా వేళ్ళు అలవాటు కొద్దీ కీబోర్డు మీద నడుస్తూనే ఉన్నాయి... విన్నది విన్నట్టు.

ఇంతలో భుజం మీద ఒక చెయ్యి పడింది.

“హెడ్‌ఫోన్స్ పెట్టె ఖాళీగా ఉంటే నీ కోసం వచ్చాను, ఈ గదిలోనే లైటుంది,” అంది అక్క. “ఎంత ధైర్యమే నీకు.”

చిన్నమ్మాయి ఉన్నదంతా కక్కేసింది. “నీ స్నానం టైములో తీశానక్కా. మధ్యాహ్నం మరీ గట్టిగా మోగాయి. ఇప్పుడు పాడయ్యాయో, దెయ్యం పట్టిందో తెలియట్లేదు. దెయ్యమే అయ్యుంటుందిలే.”

అక్క హెడ్‌ఫోన్స్ లాక్కుని పెట్టుకుంది. కాసేపటికి ఆమె మొహంలో కోపం సగం దిగింది.

“ఓసి పిచ్చిదానా, దీనికి మైకుంది. ఈ మీట వేస్తే మన గొంతే క్షణం ఆగి మన చెవికి తిరిగొస్తుంది. నీ ఊపిరికి నువ్వే జడుసుకున్నావు.” తర్వాత ఒక పాట పెట్టి, సౌండు పెంచీ తగ్గించీ, ఎడమా కుడీ విడివిడిగా విని చూసింది. “ఒక్క గరగర లేదు. శుభ్రంగా ఉన్నాయి. ఇంకోసారి అడక్కుండా ముట్టుకో, వీపు విమానం మోత మోగిస్తాను.”

చిన్నమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అక్క తెర వైపు వంగి చదివింది.

‘ఊపిరి. ఊపిరి. మీరు దెయ్యమేనాండీ. ముందు నేనడిగాను. ఊపిరి. దగ్గు. ఊపిరి.’

“జలుబు చేసిందా నీకు?”

“లేదే.”

“మరి దగ్గావుగా.”

“నేను దగ్గలేదక్కా. వినబడింది, కొట్టాను. పాడైపోయి అవే దగ్గుతున్నాయనుకున్నాను.”

అక్క చేతిలోని హెడ్‌ఫోన్స్ వైపు చూసింది. ఒక్క గరగర లేదని ఇప్పుడే చెప్పింది తనే.

చిన్నమ్మాయి మెల్లగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. “అక్కా... ఇంకోసారి సరిగ్గా విను. పాడయ్యే ఉంటాయి. కొత్తవి నేను కొనిపెడతాను.”

“పద, ముందు పద,” అంది అక్క. గబగబా తీగ చుట్టి, అది ఊడకుండా వెయ్యడానికి బల్ల మీదున్న ఆఫీసు రబ్బరు బ్యాండు అందుకోబోయింది.

అప్పుడు, ఎవరి చెవులకీ ఏమీ లేకుండానే, ఇద్దరికీ వినబడింది... ఒక్కసారి.

అక్క చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.