చంపినా లేచే కంటెయినర్

"పన్నెండు కొట్టగానే దేశంలో అంబులెన్స్‌ని పిలిచే ఫోన్లన్నీ మూగబోతాయి," ఇయర్‌పీస్‌లో చీఫ్ హెల్లెవి గొంతు. "సర్వర్లలో శత్రు ముఠా పెట్టిన కంటెయినర్ ఒకటి నడుస్తోంది. ఆపు."

"ఇంజనీర్లేరీ?"

"కాఫీకెళ్లారు. ముఠా ఆ వేళ చూసుకునే తలుపు లాక్ చేసింది. ఫిన్లండ్‌లో కాఫీ దగ్గర ఫోనెవడెత్తుతాడు?"

హెల్సింకి కింద, బండను తొలిచి కట్టిన డేటా సెంటర్. పొద్దున్నుంచీ కూలింగ్ మెకానిక్ వేషంలో లోపలే ఉన్న ఏజెంట్ ఇల్పో కీబోర్డు లాక్కున్నాడు. అత్యవసర ఫోన్ల క్లౌడ్ అంతా ఓపెన్‌సోర్స్; ఒక్కో సేవ కంటెయినర్ అనే ఒక్కో సాఫ్ట్‌వేర్ డబ్బాలో నడుస్తుంది. వాటన్నిటినీ కనిపెట్టుకుని ఉండేది కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేర్.

దొంగ కంటెయినర్ దొరికింది. డిలీట్ కొట్టాడు. మరుక్షణం ఇంకో సర్వర్ మీద లేచింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేచింది. ఆ సర్వర్ ప్లగ్గే పీకేశాడు. పక్కదాంట్లో లేచింది. చెమటకి వేళ్లు జారుతున్నాయి. ఏ ముసలాయన గుండె పట్టుకుని ఫోన్ వెతుక్కుంటున్నాడో!

వెనక పిస్టల్ క్లిక్‌మంది. ఎర్ర కోటు, లేత పరిమళం. సనెల్మా. ఒకప్పుడు తన విభాగమే; ఇప్పుడు ముఠా మనిషి.

"చేతులు తియ్యి, ఇల్పో."

"కాల్చు. అప్పటిదాకా తియ్యను."

ఆమె కాల్చలేదు. పెదవులు కదపకుండా గొణిగింది. "కనబడ్డదాన్నల్లా చంపడమేనా మహానుభావా? ఒకటి పోతే ఇంకోటి పుట్టించడం కుబర్నెటిస్ ఉద్యోగం. ఎన్ని ఉండాలో రాసినచోటికెళ్లు. అక్కడున్న ఒకటి అంకె తీసి సున్నా పెట్టు."

"నువ్వెందుకు..."

"నన్ను ముఠాలోకి పంపింది హెల్లెవి. పిస్టల్ వాళ్ల కెమెరా కోసం. దానికి చెవుల్లేవు, కళ్లున్నాయి. నేను కీబోర్డు ముట్టుకుంటే దొరికిపోతా. కానియ్!"

గడియారం ముల్లు పన్నెండు మీదికి వాలుతోంది. ఇల్పో ఒకటి చెరిపి, సున్నా కొట్టి, ఎంటర్ నొక్కాడు.

కంటెయినర్ పోయింది. ఊపిరి బిగబట్టి చూశారు. లేవలేదు.

పన్నెండు దాటాక పక్క తెర మీద కొత్త కాల్ వెలిగింది. కుఓపియోలో ఎవరో తల్లి, పిల్లాడికి ఊపిరాడటం లేదట. అంబులెన్స్ బయలుదేరింది. ఇల్పో కళ్లు తుడుచుకున్నాడు. సనెల్మా చూడనట్టు మొహం తిప్పుకుంది, కెమెరా వైరు తెంపి, వెళ్లి తలుపు తీసింది.

కాఫీ కప్పుతో ఇంజనీర్ యౌకో లోపలికొచ్చాడు. తెర చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎవడ్రా ఇది మార్చింది? శుక్రవారం పూట ఏదీ ముట్టుకోకూడదని రూలుంటే, అదీ అనుమతి లేకుండా?"

పిస్టల్‌కి ఎత్తని చేతులు ఇల్పో అప్పుడెత్తాడు.