గుమ్మంలో ముఖం

శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటింది. రెజీన్ ముందుగదిలో స్టూలు మీద కూర్చుని కాపలా కాస్తోంది.

లోపలి గదిలో నాన్న తలుపేసుకుని తన పుస్తకం ఆఖరి పేజీలు రాస్తున్నారు. సూర్యుడు మునిగేలోపు అవి పోస్టులో పడాలి. మునిగితే యూదుల విశ్రాంతి రోజు మొదలైపోతుంది. మర్నాడు చుక్కలు పొడిచేదాకా కలం పట్టుకోకూడదు, నిప్పు వెలిగించకూడదు. చలికాలం కదా, స్ట్రాస్‌బర్గ్‌లో నాలుగున్నరకే సూర్యుడికి నిద్ర ముంచుకొస్తుంది.

"ఏలీయా ప్రవక్త వచ్చినా సరే, ఆగమను," అన్నారు నాన్న తలుపేసుకుంటూ.

పదేళ్ళ రెజీన్‌కి ఇంత పెద్ద పని అప్పజెప్పడం ఇదే మొదటిసారి. మెడ నిటారుగా పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి మెడ నొప్పెట్టి మామూలుగా కూర్చుంది.

ఆ పుస్తకం దేని గురించో రెజీన్‌కి కొంచెం తెలుసు. ఎదుటి మనిషి ముఖం గురించి. ప్రతి ముఖమూ మనల్ని ఏదో అడుగుతుందట. నోరు తెరవకపోయినా అడుగుతుందట. దేవుడి మాట వినాలనుకునేవాళ్ళు ముందు అక్కడే వినాలట. చూడడం అంటే ఏమిటో తేల్చుకోవడానికే నాన్నకి సగం జుట్టు ఊడిపోయిందని అమ్మ అంటుంది.

ఇంతకీ ఆ ఎదుటి మనిషి ఎలా ఉంటాడు? నాన్న పుస్తకం నిండా అతనే. ముక్కు ఎలాంటిదో మాత్రం ఎక్కడా రాయలేదు.

కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. రెజీన్ వేలితో ఒక ముఖం గీసింది. పొడుగు గడ్డం పెట్టింది. మంచులో చాలా దూరం నడిచొచ్చాడు గనక కనుబొమలు తెల్లగా ఉండాలనుకుంది. అద్దం అవతల మంచు నిజంగానే పడుతోంది. గీసిన కళ్ళలోంచి ఎదురింటి పైకప్పు, పొగగొట్టం, ఒక పావురం కనిపిస్తున్నాయి. వంటింట్లోంచి జడలల్లిన రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. తను కూడా మెల్లగా ఆ కళ్ళలోంచి బయటికి జారి, మంచులో తేలుతున్నట్టనిపించింది.

నాలుగు దాటాక ఎవరో తలుపు తట్టారు.

రెజీన్ తలుపు తీసి, వచ్చినాయన చేతిలోని గ్లాసు దాకా మాత్రం చూసి, గభాలున కిటికీ దగ్గరికి వచ్చేసింది. అద్దం మీది ముఖం గడ్డం దగ్గర కారిపోతోంది మరి.

"నాన్నగారున్నారా, అమ్మాయీ?" ముసలి గొంతు.

"రాసుకుంటున్నారండీ." రెజీన్ గడ్డం సరిచేస్తోంది.

"పోనీ అమ్మగారు?"

"వంటింట్లో ఉన్నారండీ. ఆవిడకీ తీరిక లేదు. గంటాగి రండి."

"గంటా..." అన్నాడాయన. ఇంకేదో అనబోయాడు. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయిన చప్పుడైంది. ఎంత చక్కగా కాపలా కాశానో అని రెజీన్ మురిసిపోయింది.

పావుగంట తర్వాత అమ్మ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరే ఇందాక?"

"ఎవరో తాతగారు. చేతిలో చిన్న గ్లాసు ఉంది. అందులో నూనె, వత్తి."

"వెలుగుతోందా?"

"లేదు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "అయ్యో, ఎవరిదో సంవత్సరీకం. పోయినవాళ్ళకి పెట్టే దీపం అది. అగ్గిపుల్ల కోసం వచ్చుంటారు. సూర్యుడు మునిగితే ఇంక వెలిగించుకోలేరే. ఎవరాయన?"

"తెలీదమ్మా."

"ముఖం ఎలా ఉంది?"

రెజీన్ ఎంత గుర్తుచేసుకున్నా అద్దం మీది గడ్డమే గుర్తొస్తోంది. గుమ్మంలో నిలబడిన మనిషికి గడ్డం ఉందో లేదో కూడా తెలీదు.

అప్పుడే నాన్న కవరు అంటించుకుంటూ బయటికొచ్చారు. సంగతంతా విన్నారు.

"మూడేళ్ళుగా ముఖం గురించి రాస్తున్నారు," అంది అమ్మ. "మన గుమ్మంలోకి వచ్చిన ముఖానికి మాత్రం అడ్డంగా కాపలా పెట్టారు."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. కవరు బల్ల మీద పడేశారు. "పోస్టు సోమవారం వెళ్తుందిలే. గ్లాసు పట్టుకుని వచ్చారంటే ఈ మేడలోనే ఉంటారు. నేను కింది అంతస్తులు చూస్తాను. రెజీన్, నువ్వు అగ్గిపెట్టె తీసుకుని పైకి పరిగెత్తు."

రెజీన్ పరిగెత్తింది. మూడో అంతస్తులో తలుపు తట్టింది. కనుబొమ మీద పిండి అంటుకున్న ఒకావిడ తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కాదు. నాలుగో అంతస్తులో పెదాల మధ్య గుండుసూదులు పట్టుకున్న దర్జీ. రెజీన్‌ని చూసి కళ్ళతోనే నవ్వాడు. ఈయనా కాదు. రోజూ ఈ మెట్లే ఎక్కి దిగుతూ వీళ్ళనెప్పుడూ ఇలా చూడలేదు.

ఐదో అంతస్తులో ఒకటే గది. తలుపు తీసినాయనకి గడ్డం లేదు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. కళ్ళు తేనెరంగులో ఉన్నాయి. వెనక బల్ల మీద గ్లాసు.

రెజీన్ అగ్గిపెట్టె చాపింది. ఆయన కిటికీ వైపు చూశాడు. మంచు ఆగింది, ఎదురింటి పైకప్పు మీద సూర్యుడి ఎరుపు పోయింది.

"అక్కడ పెట్టెయ్యమ్మా. ఇప్పుడింక గియ్యకూడదు."

"ఇంకెవరి దగ్గరైనా తెచ్చుకోవాల్సింది కదండీ," అంది రెజీన్ ఏడుపు గొంతుతో.

"అల్జీరియా నుంచి వచ్చి రెండు వారాలే అయింది. ఇక్కడ నాకెవరూ తెలీదు. మీ గుమ్మానికే మన దేవుడి మాట రాసిన డబ్బీ కనిపించింది. అందుకని ధైర్యంగా తట్టాను."

"నావల్లే. నేను మీ వైపు చూడనేలేదు."

పరవాలేదని ఆయన అనలేదు. "అవును, కొంచెం బాధేసింది," అన్నాడు. ఆ మాటకి రెజీన్ తల వాలిపోయింది. అయినా కింది మెట్ల వైపు పారిపోలేదు.

"మీ పేరేంటండీ?"

"జెర్బిబ్."

"దీపం ఎవరికండీ?"

"మా ఆవిడకి. మెసూదా."

"ఆవిడ ఎలా ఉండేవారు?"

ఆయన కుర్చీ చూపించి, తను మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ గురించి చెప్పాడు. నవ్వొస్తే కొంగులాంటి తన తెల్లటి శాలువా నోటికి అడ్డం పెట్టుకునేదని, అయినా కళ్ళు దాగేవి కావని చెప్పాడు. గది మెల్లగా నీలంగా మారుతోంది. రెజీన్ కిటికీ వైపు చూడలేదు. చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ముడతలు ఎలా కదులుతున్నాయో చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా, తనెన్నడూ ఎరగని ఒకావిడ ఆ ముఖంలోనే కాస్త కాస్తగా కనిపిస్తోంది.

కింది నుంచి అమ్మ పిలుపు వినిపించింది. "రెజీన్, దొరికారా?"

"దొరికారమ్మా. జెర్బిబ్ గారు." రెజీన్ మెట్ల మీదికి వంగి చెప్పింది. "భోజనానికి ఇద్దరం వస్తాం. కొంచెం ఆగండి, మెసూదా గారి గురించి ఇంకా సగమే అయింది."

లోపలికి వచ్చి, కుర్చీ ఆయనకి ఇంకొంచెం దగ్గరగా లాక్కుంది.