చాంద్‌బీ బాలీలు కడిగిన రోజు

అరవై ఒకటో సంవత్సరం బక్రీదు వెళ్ళాక రెండో శుక్రవారం. పొద్దున్నే ఆమినాబీ కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో నానేసింది. ఆ ఇంట్లో అది కొత్తేమీ కాదు. ప్రతి శుక్రవారం కోడలు చాంద్‌బీకి తలంటి, ఆ నురగతోనే ఆమె చెవులకున్న బాలీలు తోమేది. చెవి అంచు పొడుగునా నాలుగేసి చిన్న బంగారు రింగులు, పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినవి. పన్నెండేళ్ళలో ఒక్కసారీ చెవి నుంచి దిగలేదు. చెవికుండగానే తోమడం, చెవికుండగానే తుడవడం. మురికి అట్లా పూర్తిగా పోతుందా ఏమన్నా? పైపైన మెరిస్తే చాలనుకునేవాళ్ళు.

ఈ శుక్రవారం ఆమినాబీ కుంకుడు రసం పక్కన కొబ్బరినూనె గిన్నె కూడా పెట్టింది. కొడుకు ఖాదర్ బాషా అది చూశాడు. అతను దూదేకి పరుపులు కుట్టే మనిషి. బోగోలు చుట్టుపక్కల పెళ్ళి పరుపు కావాలంటే అతనికే కబురు పంపుతారు. నూనె ఎందుకని అడిగాడు. బాలీలు తీసి శుభ్రంగా కడుగుతానంది తల్లి. అతని మొహం మాడిపోయింది. తల్లిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు.

కడుగుతానంటే అంత కోపం దేనికంటారా? మంచాన పడ్డ ఆడమనిషి ఒంటిమీద బంగారం తీస్తున్నారంటే, ఆశ వదులుకున్నారనే ఆ పేటలో అర్థం. మూడు నెలలుగా చాంద్‌బీకి ఒళ్ళంతా నీరు పట్టింది. నెలన్నర కిందట నెల్లూరు తీసుకుపోయి చూపిస్తే, మూత్రపిండాలు చెడిపోయాయి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తల్లీకొడుకులు ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఉప్పు లేని గంజి తాగిస్తూ, పండక్కల్లా లేచి తిరుగుతావని చెబుతూ వచ్చారు. పండగ వెళ్ళిపోయింది. పాపం, మనిషి లేవలేదు.

పెరట్లో ఖాదర్ బాషా గొంతు తగ్గించి తల్లిని నానా మాటలూ అన్నాడు. చెవులు వాచి రింగులు కండలో కూరుకుపోతున్నాయని, ఇంకో రెండు రోజులాగితే అవి రావని ఆమె చెప్పబోయింది. అతను విననే లేదు. చివరికి, బంగారం మీద కన్ను పడిందా అని కూడా అనేశాడు. కోడలికి పిల్లల్లేరని పన్నెండేళ్ళలో ఒక్క మాట అనని అత్తను పట్టుకుని అనాల్సిన మాటేనా అది? అన్నాక అతనికే సిగ్గేసింది.

ఆమినాబీ ఏడవలేదు.

“నాయుడుపేటలో నీ చెల్లెలు పోయినప్పుడు నువ్వు మగోళ్ళతో బయట కూసోనుండావు. లోపల దానికి ఆఖరి స్నానం చేయించేటప్పుడు కమ్మలు లాగినారు రా. రాలేదు. గట్టిగా లాగినారు. చెవి చినిగింది, రక్తం రాలేదు. నేను పక్కనే ఉండి చూసినా. ఈ బిడ్డకు అట్టా జరగనీను. నన్ను ఏమన్నా అనుకో.”

ఖాదర్ బాషా గోడకు చేరగిలపడ్డాడు. నాలుగేళ్ళుగా తల్లి ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగిందని అతనికి తెలియదు. ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. అయినా తీయొద్దనే అన్నాడు. తీస్తే చాంద్‌బీ కనిపెట్టేస్తుందని, బతుకుతానన్న ధైర్యం కాస్తా పోతుందని బతిమాలాడు.

అప్పుడు లోపల్నుంచి చాంద్‌బీ ఇద్దర్నీ పిలిచింది. మధ్యనున్నది తాటాకు తడిక. మాట వినపడదని ఎట్లా అనుకున్నారో!

ఆమె మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. నెల్లూరు నుంచి బస్సులో వస్తున్నప్పుడే తనకు తెలిసిపోయిందని చెప్పింది. దారి పొడుగునా మొగుడు తన మొహంకేసి చూడలేదట. వీళ్ళ మనసు కష్టపెట్టడమెందుకని నమ్మినట్టే ఉందట. అంటే నెలన్నరగా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరి కోసం ఒకరు అబద్ధం ఆడుతూనే ఉన్నారు.

ఆమినాబీ పక్కన కూర్చుని నూనె రాసి, ఒక్కొక్క రింగూ మెల్లగా తిప్పి తీసింది. కుడి చెవివి నాలుగూ వచ్చాయి, ఎడమ చెవివి మూడు వచ్చాయి. వాటిని కుంకుడు రసంలో వేసి, మెత్తటి దూదితో తోమింది. నీళ్ళు నల్లగా అయ్యాయి. కడిగిన రింగొకటి చేతికిస్తే చాంద్‌బీ కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇంత పచ్చటి బంగారాన్నా తాను పెట్టుకు తిరిగిందని నవ్వింది కూడా.

ఎడమ చెవి పైరింగు మాత్రం రాలేదు. ఆమినాబీ మళ్ళీ నూనె రాసి తిప్పి చూసింది. ఇక తనవల్ల కాదని లేచింది. చాంద్‌బీ మొగుడివైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

“నువ్వే తియ్యయ్యా. రేపు స్నానం చేయించేవాళ్ళు లాగితే నాకు నొప్పి తెలీదు. అత్తే మళ్ళీ చూడాల్సి వస్తాది.”

ఖాదర్ బాషా ఒక్కసారి తల్లి మొహం చూశాడు. తర్వాత మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళకు నూనె రాసుకుని రింగు తిప్పడం మొదలుపెట్టాడు. చాంద్‌బీ దుప్పటి అంచు గుప్పిట పట్టుకుంది. చాలాసేపటికి రింగు అతని చేతిలోకి వచ్చింది.

“నొప్పిగా ఉందా?” అని అడిగాడు.

“ఉండాది,” అంది చాంద్‌బీ.

ఆ మాటకు అతను మంచం పట్టె మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకు ఇంకా నొప్పి తెలుస్తున్నందుకు అతనికి సంతోషంగా ఉంది.