జూన్‌లో ఆగిన గుర్రం

"నా పిడికిలి మీ మోకాళ్ళ మధ్య ఉంది. గట్టిగా నొక్కండి" అంది డాక్టర్ బురుల్.

బల్ల మీద వెల్లకిలా పడుకున్న సాగిన్ నొక్కాడు. నుదుటికి చెమట పట్టింది.

"నొప్పి ఉందా?"

"లేదు."

"అబద్ధాలాడ్డానికి నా దగ్గరికే రావాలా?"

నారిన్ లోయలో సాగిన్‌ని ఎరగనివాళ్ళు లేరు. రెండు జట్లు గుర్రాల మీద ఆడే కోక్‌బోరు ఆటలో మేక కళేబరాన్ని తొడకీ జీనుకీ మధ్య ఇరికించుకుని అతను గుర్రాన్ని దౌడు తీయిస్తే, దాన్ని లాక్కోగల మొనగాడు చుట్టుపక్కల లేడు. రేపే ఫైనల్. డాక్టర్ సంతకం లేందే మైదానంలోకి రానివ్వరు.

బురుల్‌కి మాత్రం అతని మొహం చూస్తేనే ఒళ్ళు మండుతుంది. జూన్ పండుగలో, గుర్రం మీద పారిపోయే అమ్మాయిని అబ్బాయి తరిమే పందెంలో, ఆమె వెంట పడ్డది ఇతనే. అందుకుంటే ముద్దు, లేకపోతే తిరుగు దారిలో ఆమె చేతి కొరడా దెబ్బలు. చేయి చాస్తే అందేంత దగ్గరికొచ్చి కళ్ళెం లాగేశాడు. ముద్దు పెట్టుకోవడం ఇష్టంలేకే ఆపాడని ఊళ్ళో ఆడవాళ్ళంతా నవ్వుకున్నారు. ఆ కసి కొద్దీ కొరడాతో కొట్టినా ఆమె మంట చల్లారలేదు.

ఆమె అతని గజ్జ దగ్గర వేలితో నొక్కింది. గట్టిగా గడ్డకట్టినట్టు తగిలింది.

"ఇది నిన్నా మొన్నటిది కాదు. గజ్జ ఎముక దగ్గర మొదలై తొడ ఎముకకి అతుక్కునే కండరం ఇది. కాలిని లోపలికి లాగేది ఇదే. మీరు మేకని బిగించేదీ దీంతోనే. సగం చిరిగింది. రేపు ఎక్కితే మిగతా సగం ఊడొస్తుంది. ఆ తర్వాత గుర్రం మీద నిలబడ్డం కాదు, కూర్చోవడమే కష్టం."

"తొమ్మిదేళ్ళుగా మా ఊరు గెలవలేదు. సంతకం పెట్టండి."

"పెట్టను."

"జూన్ కోపం ఇప్పుడు తీర్చుకుంటున్నారా?"

బురుల్ పెన్ను బల్ల మీద విసిరికొట్టింది. "కోపమే. ఉండకూడదా? మొదట ఎప్పుడు పట్టేసిందో చెప్పండి."

అతను గోడవైపు తిరిగాడు.

"చెప్తారా, మీ కోచ్‌ని పిలవనా?"

"జూన్‌లోనే. మీ వెనకాలే. చివరి మలుపులో గుర్రాన్ని తొడలతో బిగించాను. లోపల ఏదో పుటుక్కుమంది. పడిపోతానని ఆపేశాను."

బురుల్ విసిరేసిన పెన్నుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"సాగిన్‌కి గుర్రం మీద కాలు పట్టేసిందని ఊరందరి ముందూ చెప్పుకోమంటారా? అంతకన్నా మీ దెబ్బలే నయమనిపించింది."

"మొండి మనిషీ, నీ పరువు కోసం మూడు నెలలు నన్ను ఏడిపించావు. బజారుకెళ్ళాలంటే తల దించుకుని వెళ్ళాను. తెలుసా నీకు?"

"మీరు ఏడ్చారా?"

"మాట మార్చకు."

సాగిన్ మెల్లగా లేచి కూర్చున్నాడు. సంచిలోంచి తన జెర్సీ తీసి, చాలాసేపు చూసి, ఆమె బల్ల మీద పెట్టాడు. "దీన్ని మా తమ్ముడికిచ్చి ఆడించమని కోచ్‌కి చెప్పండి. నేను చెప్తే ఒప్పుకోడు. మరి నాకెన్నాళ్ళు?"

"పన్నెండు వారాలు. రోజూ ఇక్కడికొచ్చి మోకాళ్ళ మధ్య బంతి పెట్టి నొక్కాలి."

"రోజూనా?"

"రోజూ."

ఫారం మీద 'ఆడకూడదు' అని రాసి సంతకం చేసింది.

"వచ్చే జూన్‌లో నా గుర్రాన్ని మెల్లగా తోలతానని మాత్రం అనుకోకు" అంది.